మురసాకి వేరు

మందుమొక్క కణములను సీసాలో పెంచినంతనే మందు దొరకునా? దొరకదని మనకు తెలిపినది జపాను దేశపు మురసాకి మొక్క. దాని వేరు తరతరములుగా ఊదారంగు అద్దకమునకును, కాలిన పుండ్లపై పూయు లేపనమునకును వాడుకలో నున్నది. మొక్కయో, అడవులలో నేడు మిక్కిలి అరుదు.

1974లో మమోరు టబాటా బృందము ఆ మొక్క కణములను ప్రయోగశాలలో పెంచి చూచినది. 2,4-డి యను కృత్రిమ హార్మోను వేసినచో కణములు పెరిగెను గాని, వేరునకు రంగును గుణమును ఇచ్చు షికోనిన్ పుట్టలేదు. మన రైతులు కలుపుమందుగా నెరిగిన 2,4-డి యే యిది! దానికి బదులు మొక్కలలో సహజముగా నుండు ఇండోల్ ఎసిటిక్ ఆమ్లమును కైనెటిన్‌తో చేర్చి చీకటిలో నుంచగా కణములు ఎర్రబారెను. వెలుతురు, ముఖ్యముగా నీలికాంతి, సోకినచో ఆ ఎరుపు పుట్టదు. నేలలో దాగిన వేరు గుణము సీసాలోని కణమును విడువలేదు కాబోలు!

1983లో మిత్సుయి పెట్రోకెమికల్ సంస్థ కణములను ఒక ద్రవములో పెంచి, పిదప మరియొక ద్రవములోనికి మార్చి షికోనిన్ తీసినది. దానితో పెదవిరంగు చేసి అమ్మిరి.