రహదారి పనులపై ఫిర్యాదుకు 1033: ఏ రోడ్డుకు వర్తిస్తుంది?

జాతీయ రహదారులపై ప్రయాణించే వారి కోసం భారత జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ (ఎన్‌హెచ్‌ఏఐ) నిర్వహిస్తున్న టోల్‌ఫ్రీ సహాయవాణి 1033. కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి నితిన్ గడ్కరీ 2018 మార్చి 7న 'సుఖద్ యాత్ర' మొబైల్ యాప్‌తో పాటు దీనిని ప్రారంభించారు. ఇది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది. ప్రమాదం జరిగినప్పుడు అంబులెన్సు, క్రేను కోసమే కాక, గుంతలు, అసంపూర్తి పనులు, దారి మళ్లింపుల వద్ద ఇబ్బందులపైనా ఈ సంఖ్యకు ఫోను చేయవచ్చు.

పనులు జరిగే చోట అసలు ముప్పు రాత్రివేళ ఉంటుంది. మళ్లింపు బోర్డు లేకపోయినా, బారికేడుకు మెరుపు పట్టీ ఊడిపోయినా, కంకర కుప్ప దారిలోనే మిగిలిపోయినా వాహనదారుకు తెలిసేసరికి ఆలస్యమవుతుంది. పని స్థలానికి చాలా ముందు నుంచే హెచ్చరికలు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఎస్‌పీ 55 మార్గదర్శకాలు చెబుతున్నాయి. రహదారి ప్రమాణాలను పాటించనందువల్ల మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే, బాధ్యులైన గుత్తేదారుకు గానీ అధికారికి గానీ లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలును 2019 మోటారు వాహనాల సవరణ చట్టం (సెక్షన్ 198ఏ) కల్పించింది. అయితే అది ప్రాణం పోయాక వర్తించే నిబంధన. అంతకు ముందే లోపాన్ని సరిదిద్దించగలగడంలోనే ఫిర్యాదుకు విలువ ఉంది.

ఫోను ఎత్తినంత మాత్రాన పని జరుగుతుందని చెప్పలేము. బ్రిటన్‌లో జాన్ మేజర్ ప్రభుత్వం 1992 జూన్‌లో ఇటువంటిదే 'కోన్స్ హాట్‌లైన్' పేరిట ప్రారంభించింది. రోడ్డుపై అకారణంగా ఉంచిన ట్రాఫిక్ కోన్లపై ప్రజలు అందులో ఫిర్యాదు చేయవచ్చు. వేల సంఖ్యలో ఫోన్లు వచ్చినా కోన్లను తొలగించిన సందర్భాలు వేళ్లమీద లెక్కించదగినన్నే. నవ్వులపాలైన ఆ సేవ 1995 సెప్టెంబరులో నిలిచిపోయింది.

మన దేశంలో చిక్కు వేరొక చోట ఉంది. 1033 జాతీయ రహదారులకు ఉద్దేశించినది. రాష్ట్ర రహదారులు, నగర వీధులు, గ్రామీణ రోడ్లు దీని పరిధిలోకి రావు. తేడా తెలుసుకోవడానికి కిలోమీటరు రాయిని చూస్తే చాలు: పైభాగం పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ అయితే రాష్ట్ర రహదారి. అయినా పసుపు రాయి ఉన్న ప్రతి రోడ్డూ ఎన్‌హెచ్‌ఏఐ చేతిలో ఉండదు. కొన్నింటిని రాష్ట్రాల రోడ్లు, భవనాల శాఖలు, సరిహద్దు ప్రాంతాల్లో బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్ చూస్తాయి.

"రోడ్డు బాగాలేదు" అనే ఫిర్యాదుతో ఎవరూ ఏమీ చేయలేరు. రహదారి సంఖ్య, సమీప కిలోమీటరు రాయి, ప్రయాణ దిశ చెప్పాలి. ఉదాహరణకు 65వ జాతీయ రహదారిపై విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే వైపు అని స్పష్టంగా చెబితే ఆ భాగం బాధ్యత ఏ ప్రాజెక్టు అమలు విభాగానిదో, ఏ గుత్తేదారుదో తేలుతుంది. ఫిర్యాదు సంఖ్య అడిగి రాసుకోవడం మంచిది. ఎన్‌హెచ్‌ఏఐ 2023లో తెచ్చిన 'రాజ్‌మార్గ్‌యాత్ర' యాప్ ద్వారా స్థలం వివరాలతో కూడిన ఫొటో, వీడియో కూడా పంపవచ్చు. ఫోను మాత్రం వాహనాన్ని సురక్షితంగా పక్కకు ఆపిన తరువాతే చేయాలి.