నర్తకి నేర్పిన బాలింతల వ్యాయామము

మార్గరెట్ మోరిస్ అను ఆంగ్ల నర్తకి, లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రి సిస్టరు మిన్నీ రాండెల్ తోడ్పాటుతో, బాలింతలకును శస్త్రచికిత్స జరిగినవారికిని వలయు వ్యాయామములను బొమ్మలతో వివరించి 1936లో ఒక పుస్తకము వెలువరించినది.

బిడ్డను కన్న తల్లి దేహమునందు ప్రాచీనులకు శ్రద్ధ లేకపోలేదు. సూతిక ఉదరమునకు నేయి, నూనె రాచి పెద్దవస్త్రముతో చుట్టవలెనని చరకసంహిత విధించినది. మన పల్లెలలో బాలింత నడుమునకు పాతచీర బిగించి కట్టు ఆచారము నిన్నమొన్నటిదాక నిలిచియుండెను. హఠయోగప్రదీపిక గుదమును బిగించు మూలబంధమును వర్ణించినది గాని, అది ప్రాణాపానముల ఐక్యము గోరు యోగికి చెప్పినదే తప్ప పురిటిమంచము మీది తల్లికి గాదు. పందొమ్మిదవ శతాబ్దిలో స్వీడను దేశపు థూరె బ్రాంట్ స్త్రీరోగములకు మర్దనమును, వ్యాయామమును జోడించెను.

1891లో లండనులో జన్మించిన మోరిస్ పసితనముననే రంగస్థలమెక్కినది. రేమండ్ డంకన్ వద్ద ప్రాచీన గ్రీకు భంగిమలు నేర్చి, వానినుండి తనదైన నృత్యపద్ధతిని రూపొందించి, దేహచలనమును లిపిబద్ధము చేయు విధానమును 1928లో ప్రకటించినది. అంతటి కీర్తి గడించిన కళావతి నడివయస్సున విద్యార్థినియై, వైద్యవ్యాయామ శాస్త్రము నభ్యసించి పరీక్షకు కూర్చుండుట నా కెన్ని మారులు తలచినను ముచ్చట గొలుపును. జఘనాస్థి మొదలు వెన్నుకొస యెముకవరకు ఉయ్యెలవలె పరచుకొని మూత్రాశయమును, గర్భాశయమును, మలాశయమును మోయు కండరములు కాన్పునందు సాగి సడలిపోవును. దగ్గినను తుమ్మినను మూత్రము జారుట అందువలననే. ఆ కండరములను బిగించుచు, వదలుచు సాధన చేసినచో ఆ బాధ రాకుండ కాచుకొనవచ్చుననియు, వచ్చినను నయము చేసికొనవచ్చుననియు మోరిస్ ఆ పుస్తకమున బోధించినది. బిగింపు నెంత శ్రద్ధగా నేర్పవలెనో సడలింపును నంత శ్రద్ధగా నేర్పవలెనను ఎరుక, కంటికి కానరాని కండరమును సైతము లోపలనుండి గుర్తెరుగు నర్తకికి సహజమని నా నమ్మకము.

అయినను లోకమున ఆ వ్యాయామమునకు స్థిరపడిన పేరు కీగెల్‌ది. లాస్ ఏంజిలిస్ వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ 1948లో ప్రకటించిన వ్యాసమున, యోనిలో నుంచు గాలిగదికి పీడనమాపకము నమర్చిన పరికరమును వివరించెను. కండరము బిగిసినపుడు ముల్లు కదలుట రోగి తన కన్నులతో తాను చూచుకొనును. రోజుకు మూడుసార్లు, సారికి ఇరువది నిమిషములు సాధన! శస్త్రము పట్టుటకు ముందు కండరమునకు అవకాశమియ్యవలెనని వాదించిన ఆ వైద్యుని నేను గౌరవింతును; మోరిస్ పేరు మరుగున పడుట మాత్రము నాకు బాధాకరము.

తరువాతి కథ పలుదారుల పోయినది. 1985లో యోనిలో నుంచు బరువు కోనులు వచ్చినవి, విద్యుత్ప్రేరణ వచ్చినది, నేడు సెల్‌ఫోను యాప్‌లు వచ్చినవి. బ్రిటిషు వైద్యమార్గదర్శకములు మాత్రము శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో, సారికి కనీసము ఎనిమిది బిగింపులచొప్పున రోజుకు మూడుసార్లు, మూడు నెలలకు తగ్గకుండ చేయుమనుచున్నవి. మన యిండ్లలో మాత్రము, పిల్లలను కన్నవారికి మూత్రము జారుట మామూలేయని పెద్దలు తేల్చివేయగా, బయటికి వెళ్ళుటయే మానుకొను తల్లు లెందరో! ఆ వ్యాయామము చేయు తీరిది: అపానవాయువును, మూత్రమును ఆపుకొనునట్లు లోపలికి బిగించి, కొన్ని క్షణములు నిలిపి, పూర్తిగా వదలవలెను; ఊపిరి బిగబట్టరాదు, పిరుదులను తొడలను బిగింపరాదు, మూత్రవిసర్జన నడుమ ఆపి దీనిని అలవాటుగా సాధన చేయరాదు.