కీమోతెరపీ వికారము: మూలాన్వేషణ చరిత్ర

కాన్సరు వ్యాధికి రసాయనౌషధములతో చికిత్స (కీమోతెరపీ) ఆరంభమైన తొలి దశాబ్దములలో, మృత్యుభయమును సైతము దిగమ్రింగుకొని ఆసుపత్రి మెట్లెక్కిన రోగులు రెండవమారు మందెక్కించుకొనుటకు వెనుదీయుచుండిరి. ఏలయన, మొదటిమారు మందెక్కిన కొలది గంటలకే ఆరంభమైన డోకులును, కడుపులోని త్రిప్పటయు, ఒడలెల్ల నావరించిన నలతయు వారిని వ్యాధికంటెను మిన్నగా భయపెట్టుచుండెను. ప్రాణము దక్కుచుండగా వాంతులనుగూర్చి విచారమేలయని ఆనాటి వైద్యులు పెక్కురు తలంచిరి. ఆ తలంపు సరియైనది కాదు.

ఈ యౌషధముల పుట్టుకయే యుద్ధవిషములనుండి. 1942 లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున లూయీ గుడ్‌మన్, ఆల్‌ఫ్రెడ్ గిల్మన్ అను పండితులు, మస్టర్డు వాయువునకు దాయాదియగు నైట్రోజన్ మస్టర్డును కాన్సరు రోగిపై ప్రయోగింపజేసిరి. యుద్ధరహస్యమగుటచే ఆ ఫలితము 1946 వరకు వెల్లడి కాలేదు. ఆపై రెండేండ్లకు, 1895 లో భీమవరమున జన్మించి అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనలకు నాయకత్వము వహించిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సమకూర్చిన అమినాప్టెరిన్‌తో, బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకాన్సరును కొంతకాలమైనను అణచగలిగినట్లు ప్రకటించెను. ఈ మందులన్నియు వృద్ధిచెందు కణములకు విషప్రాయములు. విషమును వెలికి నెట్టుటకు ప్రకృతి అనాదిగా సిద్ధపరచియుంచిన యేర్పాటు, ప్రాణదాతయైన మందును గూడ విషముగానే గుర్తించుటలో ఆశ్చర్యమేమున్నది?

ఆ యేర్పాటునకు నెలవెచ్చటనో వెదకినవారిలో అగ్రగణ్యులు హెర్బర్ట్ బోరిసన్, ఎస్. సి. వాంగ్ అను శాస్త్రజ్ఞులు; వీరి కృషి 1950 ప్రాంతమున అమెరికాలో సాగినది. మెదడు అడుగుభాగమున, వెన్నుపామునకు చేరువగా, నాలుగవ కోష్ఠము నేలపై ఏరియా పోస్ట్రీమా యను అత్యల్పమైన కణజాలము కలదు. మెదడున పెక్కుచోట్ల రక్తమునందలి విషములు లోనికి చొరకుండ రక్తనాళముల గోడలు అడ్డగించుచుండగా, ఇచ్చట మాత్రము ఆ యడ్డు సడలియుండును. కోటగుమ్మమున నిలిచి వచ్చువారినెల్ల పరికించు ద్వారపాలకునివలె ఈ కణజాలము రక్తమును నిరంతరము పరీక్షించుచుండును. ఆ శాస్త్రజ్ఞులు దీనిని తొలగించిన కుక్కలకు, వాంతి కలిగించుటలో ప్రసిద్ధమైన అపోమార్ఫిన్ ఎక్కించినను వాంతి కాలేదు. అట్టి కుక్కలకే మైలుతుత్తము త్రాగించినపుడు వాంతి యయ్యెను. అనగా విషవార్త మెదడును చేరుటకు రక్తమొక దారి కాగా, ఉదరమునుండి పోవు వేగస్ నాడి మరియొక దారి యన్నమాట. నా యభిప్రాయమున ఈ రెండవ ఫలితమే విలువైనది. ఐనను కాన్సరు వైద్యము చిరకాలము మొదటి దారివంకనే చూచినది.

1978 లో అమెరికాలో ఆమోదము పొందిన సిస్‌ప్లాటిన్ ఆ యుపేక్షను సాగనీయలేదు. వృషణముల కాన్సరును నయము చేయుటలో అద్భుతమైన ఈ ప్లాటినం మందు, నివారణౌషధము లేనిచో నూటికి తొంబదిమందికి పైగా వాంతులు కలిగించును. 1981 లో న్యూయార్కున రిచర్డ్ గ్రాల్లా ప్రభృతి వైద్యులు మెటోక్లోప్రమైడు అను మందును పెద్ద మోతాదున నిచ్చి ఆ వాంతులను చాలవరకు అరికట్టిరి. డోపమైన్ అను మెదడు రసాయనమును అడ్డగించు ఇతర మందులు చేయజాలని పనిని అది చేయుటకు హేతువేమని విచారింపగా, 1986 లో ఇంగ్లండున ముంగిసను పోలిన ఫెరెట్ అను జంతువులపై జరిగిన ప్రయోగములలో గుట్టు బయటపడెను. కాన్సరు మందు తాకిడికి పేగుగోడలలోని కణములు సెరొటోనిన్ అను పదార్థమును విడుచును. అది వేగస్ నాడీతంతువులను రేపగా, ఆ వార్త ఏరియా పోస్ట్రీమా ప్రక్కనున్న నాడీకేంద్రమును చేరును. మైలుతుత్తము త్రాగిన కుక్కలు తెలిపిన దారియే యిది! పెద్ద మోతాదున మెటోక్లోప్రమైడు అడ్డగించినది ఈ సెరొటోనిన్ పనినే. ఆ వార్తను మొదటనే ఆపు ఆన్‌డాన్‌సెట్రాన్ 1991 నాటికి అమెరికాలో ఆమోదింపబడెను. నేడు మన యూరి మందులదుకాణమునను దొరకును.

వాంతులు తగ్గినను వికారమును నలతయు పూర్తిగా తొలగలేదు. రెండవ దినమునుండి వేధించు వాంతులకు మెదడులోని సబ్‌స్టెన్స్ పి అను పదార్థము ముఖ్యకారణమని తేలగా, దానిని అడ్డగించు అప్రెపిటాంట్ 2003 లో వచ్చెను. ఇక నలత మాట: జబ్బుపడిన జంతువు తిండి మాని మూలనొదిగి పడుకొనుట అశక్తత కాదనియు, మెదడు పనిగట్టుకొని చేయించు స్వరక్షణోపాయమనియు 1988 లో బెంజమిన్ హార్ట్ అను శాస్త్రజ్ఞుడు వాదించెను. 2017 లో, జి.డి.ఎఫ్.15 అను ప్రోటీనును గుర్తించు గ్రాహకము ఏరియా పోస్ట్రీమాలోను, దాని పొరుగునను ఉన్నదని కనుగొనిరి. ప్లాటినం మందులు ఆ ప్రోటీనును రక్తమున పెంచి, ఆకలిని చంపి, వికారమును కలిగించును. ఇంతియ కాక, పలుమార్లు మందెక్కించుకొన్నవారికి ఆసుపత్రి వాసన సోకినంతనే డోకు వచ్చుట మెదడు నేర్చుకొన్న పాఠమే గాని కల్పన కాదు.

కావున కీమో జరుగుచున్నవారు మీ యింట నున్నచో, అన్నము సహింపదనిన మొండితనమని నిందింపకుడు. వాంతులను ఆపు మాత్రను మందెక్కించుటకు ముందే, వైద్యుడు చెప్పిన వేళకు ఈయుడు. వాంతి కాకున్నను వికారమున్నచో ఆ సంగతిని వైద్యునకు విడిగా చెప్పుడు. అందులకు వేరు మందులు కలవు.