ఎర్ర బటన్ ఉన్న డబ్బా: మన ఇళ్లల్లో స్టీరియో చరిత్ర

మన గ్రూపుల గోండు, కోయ, చెంచు, ఎరుకల, లంబాడా పిల్లలందరూ ఉన్నరు కాబట్టి గోర్ బోలీ మాట వచ్చిన దగ్గర దాని అర్థం కూడా రాస్తున్న. పోస్టు కొంచెం పొడుగు, ఓపిక చేసుకుని చదవండి.

మనం చరిత్ర అనంగనే కొమురం భీం, జల్ జంగల్ జమీన్, చట్టాలు, జీవోలు రాస్తం. అవి రాయాల్సిందే. కానీ మన ఇంట్లో అటక మీద దుమ్ము పట్టి ఉన్న టేప్ రికార్డర్‌కు, రెండు బాక్సుల డెక్కుకు కూడా ఒక చరిత్ర ఉంది. నేను ఉండేది తుక్కుగూడ దగ్గర తండా. చదువు కోసం ఇప్పుడు హాస్టల్‌ల ఉంటున్న. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదటోణ్ని. అందుకే పాత సంగతులు పుస్తకాల్లో ఎంత వెతుకుతనో, ఇంట్లో సామాన్లల్ల కూడా అంతే వెతుకుత. ఈ పోస్టుల నా ప్రశ్న ఒక్కటే: ఆ పాటల డబ్బా మన ఇంటికి వచ్చినంక అందులో ఎవరి గొంతు వినిపించింది?

రేడియో: వినుడే తప్ప చెప్పుడు లేదు

హైదరాబాద్‌ల రేడియో చరిత్ర 1935 దాకా పోతది. నిజాం కాలంల దక్కన్ రేడియో అప్పుడు మొదలైంది. 1950ల అది ఆలిండియా రేడియోల కలిసింది. రేడియో పెట్టెకు పోస్టాఫీసుల లైసెన్సు ఫీజు కట్టాల్సిన రోజులు ఉండె. 1980ల దాకా ఆ పద్ధతి నడిచింది. తండాల, గూడేల ఒక్క రేడియో ఉంటే దాని చుట్టూ ఇరవై మంది కూసునేది. ఉర్దూ వచ్చేది, తెలుగు వచ్చేది, హిందీ పాటలు వచ్చేది. మన భాషలు మాత్రం అరుదు. 1980లల్ల ఆదిలాబాద్ ఆకాశవాణి కేంద్రం వచ్చినంక గోండి, లంబాడీ కార్యక్రమాలు మొదలైనయి. ఆ ప్రాంతం పెద్దమనుషులను అడగండి, రేడియోల మొదటిసారి సొంత భాష విన్న రోజు వాళ్లకు ఇప్పటికీ యాదికుంటది.

రేడియో పని ఏందంటే, ఎక్కడో ఒక దగ్గర మాట్లాడుతరు, మనం వింటం. మనం తిరిగి మాట్లాడనీకి అందుల జాగ లేదు.

రెండు బాక్సులు ఎందుకు?

స్టీరియో అంటే చాలామంది సౌండ్ ఎక్కువ రావడం అనుకుంటరు. కాదు. ఇంగ్లండ్‌ల ఈఎంఐ కంపెనీల ఇంజనీరు అలన్ బ్లూమ్‌లైన్ 1931 డిసెంబర్‌ల దీని మీద పేటెంట్‌కు దరఖాస్తు పెట్టిండు. సినిమాల నటుడు తెర మీద ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతుంటే గొంతు మాత్రం ఒక్క దగ్గర నుంచే ఎందుకు రావాలె అన్నది ఆయన ఆలోచన.

మనకు రెండు చెవులు ఉన్నయి. ఎడమ పక్క ఎవరన్న పిలిస్తే ఆ శబ్దం ముందు ఎడమ చెవికి, తర్వాత కుడి చెవికి చేరుతది. ఆ తేడా ఎక్కువలో ఎక్కువ సెకనుల వెయ్యో వంతు కంటే కూడా తక్కువ. అయినా మెదడు దాన్ని పట్టుకుంటది. అడవిల తిరిగినోళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర లేదు. ఆకు కదిలిన చప్పుడుకు ఏ దిక్కు చూడాలో మన తాతలకు తెలుసు. స్టీరియోల రెండు బాక్సుల నుంచి కొంచెం కొంచెం తేడాతో శబ్దం పంపి, పాడేటోళ్లు మన ముందట వరుసగా నిలబడ్డట్టు అనిపిస్తరు.

బ్లూమ్‌లైన్ 1942ల విమాన ప్రమాదంల చనిపోయిండు. స్టీరియో గ్రామఫోన్ రికార్డులు బజారుకు వచ్చింది 1950ల చివర్ల. అవి మన ఇళ్ల దాకా ఎన్నడూ రాలేదు. గ్రామఫోన్ పెట్టె ఖరీదైన వస్తువు. మన దాకా వచ్చింది క్యాసెట్.

క్యాసెట్ వచ్చినంక

ఫిలిప్స్ కంపెనీ 1963ల బెర్లిన్ ఎగ్జిబిషన్‌ల క్యాసెట్‌ను చూపెట్టింది. దాన్ని తయారు చేసిన జట్టుకు పెద్ద లౌ ఓటెన్స్. జేబుల పట్టేటంత ఉండాలె అన్నది ఆయన పట్టు. అందులో టేపు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా ఉండదు. సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడుస్తది. అంటే 60 నిమిషాల క్యాసెట్‌ల దాదాపు 86 మీటర్ల టేపు ఉంటది. ఇంకో తెలివైన పని కూడా చేసిండ్రు. స్టీరియో ఎడమ, కుడి గీతలను టేపు మీద పక్కపక్కనే పెట్టిండ్రు. అందుకే ఒక్క స్పీకర్ ఉన్న పాత టేప్ రికార్డర్‌ల రికార్డు చేసింది రెండు బాక్సుల డెక్కుల కూడా నడుస్తది, దీంట్లది దాంట్ల కూడా నడుస్తది. ఈ సంగతి యాదిపెట్టుకోండి, చివర్ల పనికొస్తది.

మన దేశంల 1970ల చివర్ల, 1980లల్ల టేప్ రికార్డర్లు గుంపులుగా వచ్చినయి. గల్ఫ్‌కు పోయినోళ్లు తెచ్చినయి కొన్ని, ఇక్కడ తయారైనయి కొన్ని. పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు 1993ల ‘క్యాసెట్ కల్చర్’ అని ఒక పుస్తకమే రాసిండు. ఆయన చెప్పేది ఏందంటే, గ్రామఫోన్ రికార్డు చేయాలంటే పెద్ద ఫ్యాక్టరీ కావాలె, అందుకే పాట ఒకరిద్దరు కంపెనీల చేతుల ఉండె. క్యాసెట్‌కు చిన్న గది చాలు. దాంతోని చిన్న చిన్న భాషల పాటలు, ఊరి పాటలు కూడా బజారుకు వచ్చినయి. తెలంగాణల గద్దరన్న పాట రేడియోల రాకున్నా ఊరూరికి చేరిందంటే అందుల క్యాసెట్ పాత్ర ఉంది. లంబాడీ పాటల క్యాసెట్లు కూడా జాతర్లల్ల, బస్టాండ్లల్ల అమ్మేది.

ఎర్ర బటన్

నేను అసలు చెప్పాలనుకున్నది ఇక్కడ ఉంది. రేడియోకు లేనిది, గ్రామఫోన్‌కు లేనిది టేప్ రికార్డర్‌కు ఒకటుండె. ఎర్ర చుక్క ఉన్న రికార్డు బటన్. దాన్ని, ప్లే బటన్‌ను కలిపి నొక్కితే ముందున్న చిన్న మైకు మన గొంతును పట్టుకుంటది. చదువు రాకున్నా ఫరవాలేదు. లిపి లేకున్నా ఫరవాలేదు.

గోర్ బోలీకి సొంత లిపి లేదు. తెలంగాణల తెలుగు అక్షరాలల్ల, మహారాష్ట్రల దేవనాగరిల రాస్తరు. గ్రియర్సన్ దొర చేయించిన భాషల సర్వేల 1907ల అచ్చయిన సంపుటిల బంజారీ, లభానీ అన్న పేర్లతోని మన భాష గురించి ఉంది. కాగితం మీద మాటలు ఉన్నయి, రాగం లేదు. పెండ్లి పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లిని, అక్కచెల్లెళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడే పాటను ‘ఢావలో’ అంటం. దాన్ని ఎంత మంచిగ రాసినా కాగితం మీద సగమే ఉంటది. మిగతా సగం గొంతుల, ఊపిరి ఆగే దగ్గర, వదినలు అందుకునే దగ్గర ఉంటది. తీజ్ పాటలు, హోలీకి పాడే లేంగీ పాటలు కూడా అంతే. గోండుల్ల ప్రధాన్లు, తోటీలు కీక్రీ వాయిస్తూ చెప్పే కథలు కూడా అంతే.

మా ఇంట్ల టూ ఇన్ వన్ 1990ల మొదట్ల వచ్చింది. పెద్ద సెల్లు ఆరు పడేది. సెల్లు బలహీనమైతే పాట సాగేది, ఎండల పెట్టి మళ్లీ వేసేటోళ్లు. మా బాబాయి మేనత్త పెండ్లిల ఆ ఎర్ర బటన్ నొక్కి ఢావలో రికార్డు చేసిండు. మా నానమ్మ గొంతు, ఇంకో పది మంది ఆడోళ్ల గొంతులు. తర్వాత రెండు మూడేండ్లకు ఖాళీ క్యాసెట్ దొరకక అదే టేపు మీద సినిమా పాటలు ఎక్కించిండ్రు. టేప్ రికార్డర్ పద్ధతి అది. రికార్డు నొక్కంగనే ముందున్న చెరిపే హెడ్డు పాతదాన్ని తుడిచేస్తది, వెనకున్న హెడ్డు కొత్తదాన్ని రాస్తది. రెండో పక్క చివర్ల సినిమా పాటలు అయిపోయినంక నాలుగు నిమిషాలు మాత్రం మిగిలింది. అందుల మా నానమ్మ ఉంది. ఆమె పోయి చాలా ఏండ్లైంది. ఆమెది ఇంకే రికార్డింగ్ లేదు, ఫొటోలు కూడా రెండే.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదనుకుంటున్న. మీ ఇళ్లల్ల కూడా ఇట్లనే జరిగి ఉంటది. బాబాయిని నేను అనను. అప్పుడు నానమ్మ రోజూ పాడేది, పాట ఎక్కడికి పోతది అనుకున్నరు. సినిమా పాటనే దొరకని వస్తువు.

మినీ సిస్టమ్ కాలం

ముందు పెద్దింటోళ్ల దగ్గర ఆంప్లిఫయర్ వేరు, రేడియో ట్యూనర్ వేరు, టేప్ డెక్కు వేరు ఉండేది. 1970ల చివర్ల నుంచి జపాన్ కంపెనీలు వీటన్నిటినీ చిన్నగ చేసి, ఒక్క సెట్టుగ, రెండు విడి బాక్సులతోని అమ్మినయి. 1991 తర్వాత దిగుమతులు సులువై మన బజార్లల్ల కూడా అవి కనబడ్డయి. ఐవా, సోనీ, ఫిలిప్స్ పేర్లు ఊర్లల్ల అందరికీ తెలుసు. దుకాణంల ‘3000 వాట్లు పీఎంపీవో’ అని పెద్ద అక్షరాల స్టిక్కర్ ఉండేది. అది ఒక్క క్షణం లెక్క, అమ్మకం కోసం వేసే అంకె. వెనక చిన్న అక్షరాల్ల ‘60 వాట్లు కరెంట్ తీసుకుంటది’ అని ఉంటే, ఆగకుండ వచ్చే శబ్దం బలం అంతకన్నా ఎక్కువ ఉండదు. ఏది కొన్నా ఆర్‌ఎంఎస్ అని రాసిన అంకెనే చూడాలె.

పెట్టుకునే పద్ధతి కూడా ఎవరూ చెప్పలేదు. మన ఇళ్లల్ల రెండు బాక్సులను డెక్కుకు ఆనించి, లేకపోతే ఒకటి ఇంట్ల, ఒకటి బయట పెట్టేది. అట్ల పెడితే స్టీరియో ఉన్నా లేనట్టే. రెండు బాక్సుల మధ్య ఐదారు అడుగులు ఉండాలె, మనం కూడా అంతే దూరంల ఎదురుగ కూసోవాలె, మూడు రాళ్ల పొయ్యి లెక్క. చిన్న స్పీకర్ చెవి ఎత్తుల ఉండాలె. గోడ మూలకు నెడితే బేస్ పెరిగి మాట మసకైతది. ఎర్ర వైరు ఎర్ర దగ్గరికే పోవాలె. ఒక బాక్సుకు తారుమారైతే బేస్ తగ్గి, నడిమిట్ల పాడే గొంతు ఎటుపోయిందో తెలువది. రేకుల ఇంట్ల, సిమెంట్ గచ్చు మీద శబ్దం మోగుతది, కింద ఒక బొంత పరిస్తే చాలా తేడా వస్తది. క్యాసెట్లను బాక్సు మీద పెట్టొద్దు. స్పీకర్ల అయస్కాంతం ఉంటది, టేపు మీద రాత కూడా అయస్కాంతం రాతే.

బటన్ పోయింది

సీడీ వచ్చింది, పెన్ డ్రైవ్ వచ్చింది, బ్లూటూత్ బాక్సు వచ్చింది. శబ్దం పెరిగింది. కానీ కొత్త డబ్బాలల్ల చాలావాటికి ఎర్ర బటన్ లేదు. మళ్లీ రేడియో కాలం లెక్క, వినుడే మిగిలింది. తీజ్ పండుగకు తొమ్మిది రోజులు గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ ఆడపిల్లలు పాడేది. ఇప్పుడు చాలా దగ్గర డీజే పెడితే పిల్లలు ఎగురుతున్నరు, పాడేటోళ్లు పక్కకు నిలబడుతున్నరు. డీజేల వచ్చేది కూడా మన భాష పాటనే కావచ్చు, కానీ ఒక్కరు పాడి వెయ్యి మంది వినేది అది. పాత పాట పది మంది పాడేది.

మా దిక్కు సంగతి ఇంకోటి చెప్తా. 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలైంది, తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, ఫ్యాబ్ సిటీ, కంపెనీలు వచ్చినయి. కొంగర కలాన్‌ల 2023 మేల ఫాక్స్‌కాన్ కంపెనీకి శంకుస్థాపన జరిగింది. చెవుల పెట్టుకునే యాపిల్ ఎయిర్‌పాడ్స్ అక్కడ తయారైతున్నయి. అవి కూడా స్టీరియోనే, రెండు చెవులకు రెండు బుడ్డి స్పీకర్లు, వాటికి మైకులు కూడా ఉన్నయి. ప్రపంచం వినే వస్తువు మన మట్టి మీద తయారైతుంది. అందుల వినడానికి మన పాట ఎంత ఉంది అన్నదే నా బాధ.

2024 జూన్‌ల కోయ డోలు కళాకారుడు, పద్మశ్రీ సకిని రామచంద్రయ్య గారు పోయిండ్రు. సమ్మక్క సారలమ్మ కథను నోటికి చెప్పినోళ్లు ఆయన. అదే ఏడు అక్టోబర్‌ల గుస్సాడీ కనకరాజు గారు పోయిండ్రు. పద్మశ్రీ వచ్చిన పెద్దలను పేపరోళ్లు, టీవీలోళ్లు కొంతన్న రికార్డు చేసి ఉంటరు. మన ఇంట్ల ముసలోళ్లను రికార్డు చేయడానికి ఎవరూ రారు, మనమే చేయాలె.

చేయాల్సిన పని

పాత క్యాసెట్లు ఉంటే వెంటనే ప్లే చేయొద్దు. తెల్లగ బూజు పట్టిందా చూడండి. బూజు ఉంటే పక్కకు పెట్టండి, డెక్కుకు అంటుకుని మిగతా టేపులు కూడా పాడైతయి. వెనక పైన రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటయి, వాటిని విరగ్గొట్టండి. ఇగ దాని మీద ఎవరూ రికార్డు చేయలేరు. అదే మన నానమ్మలకు తాళం.

డెక్కు లేకపోతే కోఠి గుజరాతీ గల్లీల, జుమ్మేరాత్ బజార్‌ల, ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల పాతవి వెతకండి. హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ల ముంచిన దూదితోని తుడవండి. ముందు ఒక పనికిరాని క్యాసెట్ వేసి టేపు చుట్టుకోవట్లేదని చూడండి. హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి వైరు తీసి ల్యాప్‌టాప్‌కు, లైన్ ఇన్ లేకపోతే చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డుకు పెట్టండి. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగనే వస్తది. బేస్ బూస్ట్ బంద్ చేయండి, వాల్యూమ్ మూడో వంతు దగ్గర పెట్టండి. డబ్ల్యూఏవీ ఫైలుగ దాచి, తర్వాతనే ఎంపీ3 చేయండి. పాత ఒక్క స్పీకర్ డబ్బాల రికార్డు చేసిన టేపైతే రెండు పక్కలా ఒకే గొంతు వస్తది. అందుల ఒక పక్క గరగర ఉంటే ఇంకో పక్కది తీసుకోండి. నాలుగు నిమిషాల ఢావలోను నేను అట్లనే తీసిన, కుడి పక్కది బాగుండె.

టేపులు లేనోళ్ల దగ్గర కూడా ఫోన్ ఉంది. ఆ ఎర్ర బటన్ ఇప్పుడు ఫోన్‌ల ఉంది. పండుగకు ఇంటికి పోయినప్పుడు ముసలమ్మను అడిగి, ఆమె ఒప్పుకుంటేనే, ఒక్క పాట పట్టుకోండి. మొదట్ల పేరు, ఊరు, తారీఖు ఆమె నోటితోనే చెప్పించండి. మన గ్రూపుల పెట్టాల్నా వద్దా అన్నది కూడా ఆమెనే చెప్పాలె.

మీ ఇంట్ల ఎన్ని క్యాసెట్లు ఉన్నయో, వాటి మీద ఏం రాసి ఉందో కింద రాయండి. డెక్కు ఉన్నోళ్లు జిల్లా పేరు పెట్టండి, లేనోళ్లు వాళ్ల దగ్గరికి పోదాం.

జై సేవాలాల్. జోహార్.