జూదర్ నుంచి పింగళుని దాకా

బాన్సువాడ ప్రాంతంలో మంజీర ఒడ్డున పెరిగే పిల్లవాడికి వల వేసే మనిషి కొత్తవాడు కాదు. కొత్త ఏమిటంటే, ఆ మనిషే కథానాయకుడు కావటం. మన జానపద కథల్లో సాహసం చాలావరకు రాజకుమారుల సొత్తు. చందమామలో వచ్చిన “ముగ్గురు మాంత్రికులు” నవలలో ఆ సాహసం పింగళుడనే జాలరి చేతికి వచ్చింది.

చందమామను 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో ప్రారంభించారు. 1952 నుంచి 1980లో మరణించేదాకా దాన్ని తీర్చిదిద్దినవాడు కొడవటిగంటి కుటుంబరావు. 1954లో “తోకచుక్క”తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం అందులో వరుసగా నవలలు రాశాడు; వాటిమీద ఆయన పేరు వుండేది కాదు. ఒకరు మార్క్సిస్టు, మరొకరు హేతువాది. మంత్రాలను నమ్మనివారే మంత్రాల కథలు ఎందుకు తయారుచేశారు? పిల్లలను మోసగించటానికా? కాదు. జవాబు కథలోనే వెతకాలి.

పింగళుని కథకు పునాది అరేబియన్ రాత్రులలోని జూదర్ కథ. జూదర్ వర్తకుని మూడవ కొడుకు. తండ్రి పంచి యిచ్చిన ఆస్తి కోసం అన్నలు అతన్ని న్యాయస్థానానికి యీడ్చారు. ఆస్తి అధికారుల పాలయింది. అన్నలు తల్లిని కొట్టి ఆమె సొమ్ము కూడా కాజేశారు. జూదర్ వల పట్టుకున్నాడు. చేప పడనినాడు రొట్టెలవాడు అతనికి అప్పు పెట్టాడు. ఆ అప్పులో మంత్రం లేదు. ఒక శ్రమజీవి మరొక శ్రమజీవిని నమ్మటం వున్నది.

తరవాత ఒక మాంత్రికుడు అతన్ని నిధి దగ్గరకు తీసుకుపోతాడు. ఏడు తలుపులు. ఏడవ తలుపు దగ్గర తల్లి రూపంలో మాయ నిలబడుతుంది. అది తల్లి కాదని చెప్పినా జూదర్ మనసు కరుగుతుంది. తన్నులు తిని బయట పడతాడు. మళ్ళీ ప్రయత్నించటానికి ఏడాది ఆగాలి. రెండవసారి గెలుస్తాడు. అతడు ఎదిగినది కత్తి వల్ల కాదు, వంశం వల్ల కాదు. ఓడిపోయి, ఎందుకు ఓడిపోయినాడో తెలుసుకోవటం వల్ల. ప్రియమైన రూపంలో ఎదురైనంతమాత్రాన అబద్ధం నిజం కాదు. ఆచారం అమ్మ గొంతుతో మాట్లాడే దేశంలో ఇంతకన్న అవసరమైన పాఠం వున్నదా?

కాని కథ అక్కడ ఆగదు. తరవాత జూదర్‌కు మాయ వుంగరం దక్కుతుంది. భూతం ఒక్క రాత్రిలో మేడ కట్టిపెడుతుంది. ఆ క్షణం నుంచి అతని ఎదుగుదల ఆగిపోయింది. తనను బానిసగా అమ్మిన అన్నలను అతడు మార్చలేదు, మంత్రుల్ని చేశాడు. చివరికి వారి చేతిలో విషం తిని చచ్చాడు. వల వున్నంతకాలం నేర్చుకున్న మనిషికి వుంగరం వచ్చాక నేర్చుకునే అవసరం లేకపోయింది. అధికారం మనిషిని ఏం చేస్తుందో యింతకన్న సూటిగా చెప్పిన కథలు తక్కువ.

ఇక మన ప్రాంతం సంగతి. నిజాం పాలనలో వున్నత విద్య వుర్దూలో నడిచింది. 1937లో నిజామాబాదులో ఆంధ్ర మహాసభ జరిగింది. మాతృభాషలో చదువు ఆ వుద్యమపు కోర్కెలలో ముఖ్యమైనది. 1948లో నిజాం పాలన పోయింది, 1956లో రాష్ట్రం మారింది. బడిలో తెలుగు నిలదొక్కుకున్న ఆ సంవత్సరాలలోనే యీ నవలలు వెలువడ్డాయి. అరబ్బీ జూదర్ తెలుగు పింగళుడైనాడు. పక్కింటి మనిషి నాయకుడైన కథను తన భాషలో చదవటం పిల్లవాడికి వినోదం మాత్రమే కాదు, ఆత్మగౌరవం కూడా.

మూఢనమ్మకమని యీ కథలను పారేయటం తొందరపాటు. నీతి వాక్యం పిండుకుని తక్కినది వదిలేయటం అంతకన్న పొరపాటు. కథను పిల్లల చేతికి యివ్వాలి. ఇచ్చి ఒక ప్రశ్న అడగాలి: వల పట్టినవాడు గొప్పవాడా, వుంగరం తొడిగినవాడా? ఇద్దరూ ఒకడే కదా అని పిల్లవాడు అంటాడు. అప్పుడు, ఎక్కడ మారాడు, ఎందుకు మారాడు అని అడగాలి. ఆ జవాబు వాడే వెతుక్కోవాలి.