అంటువ్యాధుల వేళ యాత్రలు, ఉత్సవాలపై ప్రభుత్వ ఆంక్షలు

కలరా, ప్లేగు, కొవిడ్ వంటి వ్యాధులు ప్రబలినప్పుడు జనం గుమిగూడకుండా తీర్థయాత్రలనూ, జాతరలనూ, సామూహిక ప్రార్థనలనూ ఆపడం లేదా కుదించడం భారతదేశంలో నూటపాతికేళ్లకు పైబడిన వ్యవహారం. దీనికి చట్టాల చరిత్ర ఎంత ఉందో, నమ్మకం చరిత్ర అంతకన్నా ఎక్కువే ఉంది.

1858 నవంబరు 1 నాటి విక్టోరియా రాణి ప్రకటన ప్రజల మత విశ్వాసాల జోలికి పోబోమని మాట ఇచ్చింది. అప్పుడే సిపాయిల తిరుగుబాటు చవిచూసిన బ్రిటిష్ ప్రభుత్వం యాత్రలను ఆపడానికి చాలాకాలం జంకింది. 1866లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన అంతర్జాతీయ ఆరోగ్య సదస్సు, కలరా వ్యాప్తికి భారతదేశపు యాత్రలు పెద్ద కారణమని తేల్చింది. మరుసటి ఏడాదే హరిద్వార్ కుంభమేళాకు దాదాపు 30 లక్షల మంది వచ్చారు. ఇళ్లకు మళ్లిన యాత్రికులతో పాటే దారి పొడవునా కలరా నడిచింది. చివరికి 1892 మార్చిలో హరిద్వార్‌లోని మహావారుణి మేళాను ప్రభుత్వమే మధ్యలో ఆపించి, వచ్చినవారిని వెనక్కి పంపేసింది. పుణ్యస్నానానికి ఎంతో దూరం నుంచి వచ్చినవాళ్లు మునక వేయకుండానే వెనుదిరిగిన ఆ ఘటనపై నిరసన చాలాకాలం రగిలింది.

1896 సెప్టెంబరులో బొంబాయిలో ప్లేగు బయటపడింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. నాలుగు సెక్షన్లే ఉన్న ఈ చిన్న చట్టం అధికారులకు అపరిమితమైన అధికారం కట్టబెట్టింది. అదే ఏడాది హజ్ ప్రయాణాన్ని నిలిపివేశారు. యూరప్ దేశాలు భారతదేశపు ఓడలనూ సరకులనూ అడ్డుకుంటాయన్న భయానికీ ఇందులో పాత్ర ఉంది. అంటే యాత్రికుడి ప్రాణంతో పాటు వ్యాపారమూ లెక్కలో ఉంది. పూనాలో రోగుల కోసం వెతికిన సైనికులు వంటిళ్లలోకీ, పూజ గదుల్లోకీ చొరబడ్డారన్న ఆగ్రహం పెల్లుబికి, ప్లేగు కమిషనర్ రాండ్‌పై 1897 జూన్ 22న కాల్పులు జరిగాయి. ఆ తర్వాతి పాలకులు మొండి నిషేధం కన్నా ఇతర మార్గాలను ఎక్కువగా వెతికారు. 1939 మద్రాసు ప్రజారోగ్య చట్టం జాతరలు, ఉత్సవాల కోసం ఒక అధ్యాయమే కేటాయించింది. 1942 అలహాబాద్ కుంభమేళా సమయంలో ప్రపంచయుద్ధం సాగుతుండగా ఆ ఊరికి రైలు టిక్కెట్ల అమ్మకం ఆపేశారు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 25వ అధికరణలో మతస్వేచ్ఛకు హామీ ఇస్తూనే, అది శాంతిభద్రతలకూ, నైతికతకూ, ఆరోగ్యానికీ లోబడి ఉంటుందని చెప్పింది. ఆ ‘ఆరోగ్యం’ అన్న మాట అసలు బరువు 2020లో కొవిడ్ వచ్చినప్పుడు తెలిసొచ్చింది. మార్చి 24న విపత్తు నిర్వహణ చట్టం కింద కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు, ప్రార్థనా స్థలాలన్నిటినీ ప్రజలకు మూసివేయించింది. అంత్యక్రియలకు 20 మందికి మించకూడదంది.

తిరుమలలో అంతకుముందే, మార్చి 20 నుంచి భక్తులకు దర్శనం ఆగింది. సేవలు మాత్రం ఆగలేదు, ఏకాంతంగా సాగాయి. ఏప్రిల్ 2న శ్రీరామనవమి. భద్రాచలంలో ఏటా జనసంద్రమయ్యే మిథిలా స్టేడియం బోసిపోగా, సీతారాముల కల్యాణం గుడిలోని నిత్యకల్యాణ మండపంలో జరిగింది. తలంబ్రాల కోసం చేతులు చాచేవాళ్లు లేరు. లక్షలాది మంది టీవీల ముందు కూర్చుని దణ్ణం పెట్టుకున్నారు. ‘ఏకాంతం’ అన్న పద్ధతి ఆలయ సంప్రదాయంలోనే ఉండటం ఇక్కడ పెద్ద అండ. దేవుడి సేవ ఆగలేదన్న నిబ్బరం ఉంటే జనం దూరంగా ఉండటానికి ఒప్పుకుంటారు. రంజాన్‌లో మక్కా మసీదు మూతపడినప్పుడు హైదరాబాద్ ముస్లింలు ఇళ్లలోనే తరావీహ్ నమాజు చదువుకున్నదీ అలాంటి నిగ్రహమే.

జూన్ 8న ప్రార్థనా స్థలాల తలుపులు తెరుచుకున్నాయి, కొత్త నియమాలతో. విగ్రహాలను తాకకూడదు, తీర్థప్రసాదాలు ఇవ్వకూడదు, నమాజుకు ఎవరి చాప వాళ్లే తెచ్చుకోవాలి. తిరుమలలో మొదట సిబ్బందికీ స్థానికులకూ, 11 నుంచి అందరికీ దర్శనం మొదలైంది. శఠారి లేదు, పుష్కరిణి స్నానం లేదు. ఖైరతాబాద్ గణపతి ఆ ఏడాది 9 అడుగులకు తగ్గాడు. నవంబరులో వచ్చిన తుంగభద్ర పుష్కరాల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నదిలో మునకలు నిషేధించి, పిండప్రదానాలకు అనుమతి ఇచ్చింది. పితృకార్యానికి వచ్చినవాడు కళ్లముందు నది ఉన్నా దిగలేకపోవడం చిన్న బాధ కాదు.

పూరీ రథయాత్రను సుప్రీంకోర్టు జూన్ 18న ఆపి, 22న షరతులతో అనుమతించింది. రథానికి 500 మందికి మించకూడదు, లాగేవాళ్లందరికీ పరీక్ష జరగాలి, ఊళ్లో కర్ఫ్యూ ఉండాలి. మధ్యేమార్గం సాధ్యమేనని అది చూపింది.

నియమం అందరికీ ఒకేలా వర్తించనప్పుడు గాయం లోతుగా దిగింది. ఢిల్లీలోని నిజాముద్దీన్‌లో తబ్లిగీ జమాత్ అనే ముస్లిం సంస్థ సమావేశం తర్వాత ఆ మతం వారినందరినీ వ్యాధి మోసేవాళ్లుగా చిత్రించారు. విదేశీ సభ్యులపై పెట్టిన కేసులను 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. ఆపై 2021 ఏప్రిల్‌లో రెండో ఉద్ధృతి కమ్ముకొస్తుండగానే హరిద్వార్ కుంభమేళాలో లక్షల మంది స్నానాలు చేశారు. దాన్ని ఇక ప్రతీకాత్మకంగానే జరపాలని ప్రధాని కోరింది 17న. ఈ రెండు సందర్భాల పట్ల చూపిన తేడా క్షమించదగినది కాదు. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు స్వయంగా కలగజేసుకున్నాక ఉత్తరప్రదేశ్‌లో కాంవడ్ యాత్ర రద్దయింది.

భద్రాచలంలో 2021 కల్యాణమూ గుడి లోపలే జరిగింది. 2022 ఏప్రిల్ 10న సీతారాములు మళ్లీ మిథిలా స్టేడియానికి, భక్తుల నడుమకు వచ్చారు.