అత్త తెలుగు, కోడలి ఉర్దూ

ముసల్మాన్ అయితే ఉర్దూ మాట్లాడాలి. రాకపోతే అనుమానించాలి. ఈ షరతు బయటివాళ్ళు పెట్టిందే అనుకుంటాం గానీ, మన పట్నం సాయిబులు దాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

మా బంధువుల పిల్ల ఒకామె హైదరాబాద్ పాతబస్తీ నుంచి చిలమత్తూరు దగ్గరి పల్లెకు కోడలిగా పోయింది. ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు చేస్తూ ఇష్టపడి నిఖా చేసుకున్నారు. అబ్బాయి వాళ్ళు దూదేకులవాళ్ళు. గడపలో పిల్ల సలాం చెప్పింది. అత్త సలాం అందుకుంది. ఆ తర్వాత మాటంతా తెలుగే: "ఎంత దూరం నుంచి వచ్చిండావో, అలిసిపోయింటావు. సంగటి తింటావామ్మా, అన్నం వండేదా?" సంగటీ ఊరిబిండీ ముందుకొచ్చాయి. మామ పేరు చివర 'అప్ప', అత్త పేరు చివర 'అమ్మ'. మెడలో నల్లపూసలతో తాళిబొట్టు. ఆ రాత్రి పిల్ల మొగుణ్ణి అడిగిందట: "మీవాళ్ళు ముసల్మాన్లేనా?"

ఆ ప్రశ్న ఆ పిల్ల పుట్టించింది కాదు. 1901 మద్రాసు జనాభా లెక్కల నివేదిక రాసిన ఫ్రాన్సిస్ దొర దూదేకుల ఆచారాలను హిందూ ముస్లిం పద్ధతుల కలగాపులగంగా లెక్కగట్టాడు. 1909లో థర్‌స్టన్ తన కులాల గ్రంథంలో దాన్నే మళ్ళీ అచ్చువేశాడు. దొరలకు గడులు కావాలి. గడిలో పట్టని మనిషి వాళ్ళకు కలగాపులగం. కానీ అదే చోట ఒక ముక్క దొరికింది చూడండి. దూదేకులవాళ్ళు తమ పనిముట్లకు పూజ చేసేది దసరాకు కాదు, బక్రీదుకు! దూదేకే విల్లుకు మర్యాద చేయడం ఈ నేల అలవాటు, చేసే రోజు మాత్రం తమ పండుగ. ఇందులో అయోమయం ఎక్కడుంది? పెనుకొండ బాబయ్యను, అంటే బాబా ఫక్రుద్దీన్‌ను, తమ పీర్‌గా చెప్పుకునేవాళ్ళని కూడా థర్‌స్టన్ పుస్తకంలోనే ఉంది. చిలమత్తూరుకు ఆ దర్గా దూరమేమీ కాదు.

మరి భాష ఎందుకు విడిపోయింది? దీనికి జవాబు మసీదులో లేదు, కచేరీలో ఉంది. మైసూరు యుద్ధాల్లో తన వాటాకు వచ్చిన ఈ నేలను నిజాం 1800లో కంపెనీకి రాసిచ్చేశాడు, సైన్యం ఖర్చు కింద. అందుకే దత్తమండలాలు అన్నారు. మన్రో కలెక్టరుగా వచ్చాడు. ఆనాటి నుంచి ఇక్కడి రైతు, నేతగాడు, దూదేకులవాడు అందరూ మద్రాసు రాజ్యం జనమే. అక్కడ హైదరాబాదులో 1880లలో ఫారసీ పోయి ఉర్దూ సర్కారీ జబాన్ అయింది. 1918లో ఉర్దూలో చదువు చెప్పే ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. కొలువు కావాలంటే ఉర్దూ కావాలి. ఇక్కడ ఇంటింటికీ పోయి దూదేకి పరుపు కుట్టేవాడికి కావలసింది ఆ ఇంటి భాష. హిందూపురం, కదిరి పట్టణాల్లో ఉర్దూ ఇళ్ళు లేవా అంటే ఉన్నాయి. వాళ్ళే దూదేకులవాళ్ళను తక్కువ చేసి, పిల్లనివ్వడానికి వెనకాడారు. తెలుగువాళ్ళ నోట 'పింజారి' అన్న వృత్తి పేరు తిట్టయి కూర్చుంది. రెండు వైపులా దెబ్బ.

ఆ పట్నం ఉర్దూ మాత్రం ఎంత స్వచ్ఛం? 'నక్కో' అన్న మాట వినగానే లక్నోవాళ్ళు నవ్వుతారు. అది మరాఠీ నుంచి వచ్చింది. పెళ్ళిలో పాతబస్తీ పిల్ల మెడలో వేసే నల్లపూసల లచ్ఛా ఏ అరబ్బు దేశం నుంచి వచ్చింది? అత్త మెడలో ఉన్నదీ దాని చుట్టమే.

అనంతపురం సీమలో వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మిల్లులొచ్చి దూదేకే పనిని మింగేశాయి. వేరుశనగ చేలు కరువు పాలయ్యాయి, కొడుకులు బెంగళూరు బస్సెక్కారు. ఇలాంటి పెళ్ళిళ్ళు కుదురుతున్నాయంటే కారణం కౌమ్ పెద్దల ఉదారత కాదు, ఆ బస్సే.

ఇంకో సంగతి. ఈ అత్తాకోడళ్ళ ఊళ్ళు ఒక రాష్ట్రంలో ఉన్నది 1956 నుంచి 2014 దాకానే. అంతకుముందు వేరు, ఇప్పుడూ వేరు. 2022లో చిలమత్తూరు అనంతపురం జిల్లా నుంచి కూడా పోయి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. దూదేకులవాళ్ళు 1970 నుంచి బీసీ-బి. కోడలి పుట్టింటివాళ్ళు షేక్‌లు. 2007 చట్టంతో వాళ్ళు బీసీ-ఇ. ఒకే దీన్, రెండు సర్టిఫికెట్లు. ఇలాంటి ఇళ్ళలో పుట్టిన బిడ్డకు కులం గడిలో తండ్రిదే రాస్తారు, దానికి తగువు లేదు. బడి దరఖాస్తులో మాతృభాష అని ఇంకో గడి ఉంటుంది. అక్కడ ఏం రాయాలో తల్లీ, నాయనమ్మా కూర్చుని తేల్చుకోవాలి.